రామనాథ చోప్రా: మందుల నిగ్గు తేల్చిన వైద్యుడు

మన మడకశిర ప్రాంతమున వేరుసెనగ విత్తనము కొనవచ్చిన రైతును మీరెప్పుడైన గమనించినారా? అతడు అంగడివాని మాటను ఊరక నమ్మడు. బస్తాలో మోచేతివరకు చేయి పోనిచ్చి అడుగునుండి గుప్పెడు కాయలు పైకి తీయును. ఒకదానిని బొటనవ్రేలితో చిట్లించి గింజను కొరికి చూచును. మరొకదానిని చెవియొద్ద ఆడించి తాలుకాయ యేమోయని వినును. ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించును. చింతపండు కొనునపుడు పిసికి చూచును. వానను నమ్మరాని నేల మనది. విత్తనమును గూడ గ్రుడ్డిగా నమ్మినచో బ్రతుకు సాగదని అతనికి తెలియును.

ఆ రైతే జ్వరముతో ప్రభుత్వాసుపత్రికి పోయినపుడు వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీని చేతబట్టుకొని, మందులిచ్చు కిటికీ ముందు వరుసలో నిలుచును. లోపలినుండి ఇచ్చిన మాత్రలను కండువా కొంగున ముడివైచికొని యింటికి పోవును. వానిని కొరికి చూడడు. చూచినను తెలియునది లేదు. మంచి మాత్ర తెల్లగా నుండును, సుద్దపొడితో చేసిన మాత్రయు తెల్లగానే యుండును. విత్తనము చెడ్డదైన ఒక పంట పోవును. మందు చెడ్డదైన మనిషియే పోవును. అయినను ఆ కిటికీయొద్ద అతనికి తన కన్నుగాని నాలుకగాని తోడ్పడవు. అతని పక్షమున వేరొకరెవరో ముందుగనే ఆ మందును పరీక్షించి యుండవలెను.

మన దేశమున అట్లు పరీక్షించువారు లేని కాలమొకటి యుండెను. ఆ లోపమును ఋజువులతో చూపి, దానిని పూరించు మార్గమును వేసినవారిలో ముఖ్యుడు రామనాథ చోప్రా.

ఆయన 1882వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన పంజాబులోని గుజ్రన్‌వాలాలో జన్మించెను. ఆ పట్టణము నేడు పాకిస్తానులో నున్నది. మన అనంతపురము జిల్లా బళ్ళారినుండి వేరుపడి యేర్పడినదియు ఆ 1882లోనే. ఇప్పుడు మడకశిర 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినదిగాని, ఆ కాలమున అది అనంతపురము జిల్లాలోని తాలూకాయే, మద్రాసు రాజధానిలోని భాగమే.

రామనాథుడు లాహోరులోని ప్రభుత్వ కళాశాలలో చదివి, 1903లో ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జిలోని డౌనింగు కళాశాలలో చేరెను. అచ్చట వాల్టర్ డిక్సన్ అను ఆచార్యుని శిష్యరికము లభించెను. డిక్సన్ బోధించినది ఆ దినములలో కొత్తగా తలయెత్తుచున్న ఔషధగుణశాస్త్రము. ఈ ఆకు ఫలానా వ్యాధికి మంచిదని చెప్పి ఊరకుండుట ఆ శాస్త్రమునకు చాలదు. ఆ ఆకులో పనిచేయు సారమేది, అది గుండెపై పనిచేయునా నరములపై పనిచేయునా, ఎంత యిచ్చిన మేలు, ఎంత దాటిన కీడు అని అది కొలిచి అడుగును. తరువాతి అరువదియేండ్లలోను చోప్రా అడిగిన ప్రశ్నలు ఇవే.

వైద్యపట్టమును పొంది 1908లో ఆయన ఇండియను మెడికల్ సర్వీసులో ప్రవేశించెను. అది సైన్యముతో ముడిపడిన కొలువు. మొదటి ప్రపంచయుద్ధకాలమున తూర్పు ఆఫ్రికాలోను, 1919 నాటి ఆఫ్గను యుద్ధములోను పనిచేసెను. ఆ సంవత్సరములను గూర్చి విస్తరింపను. ఆయన అసలు జీవితము 1921లో, తన ముప్పదితొమ్మిదవ యేట, కలకత్తాలో మొదలయ్యెను.

కలకత్తాలో అప్పుడే ఉష్ణమండల వ్యాధుల వైద్య విద్యాలయము ప్రారంభమైనది. మలేరియా, కాలాఆజారు, కలరా, రక్తవిరేచనములు, కుష్ఠు మొదలైన వ్యాధులను ఈ దేశముననే పరిశోధించుట దాని యుద్దేశము. చోప్రా అచ్చట ఔషధగుణశాస్త్రాచార్యుడయ్యెను. కలకత్తా మెడికల్ కళాశాలలో గూడ ఆ విషయమునే బోధించెను. తరువాత ఆ విద్యాలయమునకే అధిపతియై 1941 వరకు అచ్చట పనిచేసెను.

ఆయన మొదట చేపట్టినది మన మూలికల పరీక్ష. ఊరివైద్యులు రక్తవిరేచనములకు వాడు కొడిసెపాల బెరడును, పిచ్చికిని నిద్రలేమికిని వాడు సర్పగంధివేరును, వాయవ్యపు కొండలలో పెరుగు ఎఫెడ్రా పొదను తెప్పించి, వాని సారములను తీసి, ప్రాణుల శరీరములపై అవి చేయు పనిని కొలిచెను. సర్పగంధి రక్తపుపోటును తగ్గించునని ఆయనయు, ఆయన తోడివారును 1933లో ప్రకటించిరి. దాదాపు ఇరువదియేండ్ల తరువాత, 1952లో, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిన పిమ్మట ఆ మొక్క ప్రపంచమంతట ప్రసిద్ధి కెక్కెను. ఉబ్బసమునకు పనికివచ్చు ఎఫెడ్రిన్ అను సారము ఎఫెడ్రా పొదలో అన్నిచోట్ల ఒకే పాళ్ళలో నుండదనియు, పెరిగిన చోటునుబట్టి, కోసిన ఋతువునుబట్టి అది మారుచుండుననియు ఆయన చూపెను. ఈ పరిశోధనలను గూర్చిన ఆయన పెద్ద గ్రంథము 1933లో వెలువడెను.

మూలికలను గూర్చి ఆయన పద్ధతి రెండు పక్షములవారికిని కష్టము కలిగించియుండవలెనని నా యూహ. మన పూర్వుల మందులన్నియు గొప్పవే అనువారికి ఆయన పరీక్షలు నచ్చవు. వానిలో పసలేదు అను పాశ్చాత్య వైద్యులకును నచ్చవు. ఆయన ఎవరిని మెప్పింపవలెనని పరీక్షించలేదు. కొలిచి చూచి, ఉన్నదానిని ఉన్నట్లు, లేనిదానిని లేనట్లు వ్రాసెను.

ఆ కొలతయే ఆయనను క్రమముగా మూలికలనుండి మందుల అంగళ్ళకు తీసికొనిపోయెను. అది యెట్లు జరిగినదో తెలియుటకు డిజిటాలిస్ అను మందును గూర్చి కొంత చెప్పవలెను.

డిజిటాలిస్ ఐరోపాలో పెరుగు ఒక పూలమొక్క ఆకు. గుండె బలహీనపడి కాళ్ళు వాచినవారికి అది పనిచేయునని విలియం విదరింగ్ అను ఆంగ్ల వైద్యుడు 1785లో గ్రంథము వ్రాసి లోకమునకు తెలిపెను. కాని ఆ మందులో మేలు చేయు మోతాదునకు, హాని చేయు మోతాదునకు నడుమనున్న దూరము బహుస్వల్పము. పైగా ఒక ఆకులోని బలము మరొక ఆకులో నుండదు. అందుచేత ఆకును ఆల్కహాలులో నాన్చి తీసిన టింక్చరు బలమును ప్రాణులపై పరీక్షించి నిర్ణయించిన తరువాతనే వాడవలెను. ఇంగ్లండులో తయారైన సీసా ఓడలో నెలతరబడి ప్రయాణముచేసి, మన దేశపు వేడిలో గిడ్డంగులలో నిలిచి, చివరకు ఏదో ఆసుపత్రి బీరువాలోనికి చేరును. సీసాపైనున్న చీటీ మాత్రము ఇంగ్లండులో అంటించినదే. లోపలి మందు బలము ఆ చీటీలో నున్నంత ఉన్నదా? ఉష్ణదేశములలో ఈ టింక్చరు బలము తగ్గిపోవుచుండుటను చోప్రాయు, ఆయన తోడివారును తమ ప్రయోగశాలలో పరీక్షించి ప్రకటించిరి.

ఇందలి ప్రమాదమును కొంచెమాలోచింపుడు. బలము తగ్గిన మందు పది చుక్కలకు పనిచేయలేదని వైద్యుడు ఇరువది చుక్కలు వ్రాయును. సీసా అయిపోవును. కొత్తగా వచ్చిన సీసాలో బలము సరిగానే యుండును. రోగి మాత్రము పాత చీటీ ప్రకారము ఇరువది చుక్కలే త్రాగును. ఇక్కడ వైద్యుడు తప్పు చేయలేదు, మందిచ్చినవాడు తప్పు చేయలేదు, రోగియు తప్పు చేయలేదు. అయినను గుండె ఆగిపోవచ్చును. మందుల నాణ్యతయనిన మందు మంచిదగుట మాత్రమే గాదు. నిన్న ఇచ్చినదియు నేడు ఇచ్చినదియు ఒకటిగానుండుట అని దీనివలన తెలియుచున్నది.

డిజిటాలిస్ విషయమున మోసము లేదు. కాలమును ఎండయు చేసిన చెరుపు అది. క్వినైను కథ అట్టిదికాదు.

ఆ కాలమున మలేరియాజ్వరము మన దేశమును పీల్చి పిప్పిచేయుచుండెను. 1947 నాటికి గూడ ఏటేట సుమారు 7.5 కోట్లమందికి ఆ జ్వరము సోకుచు, 8 లక్షలమంది మరణించుచుండిరని లెక్కలు చెప్పుచున్నవి. దానికి అప్పుడున్న మందు సింకోనా బెరడునుండి తీసిన క్వినైను ఒక్కటే. నీలగిరులలోను, డార్జిలింగు కొండలలోను ప్రభుత్వమువారు సింకోనా తోటలు వేయించిరి. బీదలకు అందుబాటులో నుండవలెనని బెంగాలులో తపాలా కచేరీలలోనే చిన్న చిన్న పొట్లములుగా కట్టి, పొట్లము పైసాకు అమ్మించిరి. అయినను దేశమునకు కావలసినంత క్వినైను లేదు. ఎక్కడ కొరతయుండునో అక్కడ మోసగాడు పుట్టును. సుద్దపొడితో చేసిన మాత్రలను క్వినైనని చెప్పి అమ్మిరి. కొన్నిటిలో క్వినైను చెప్పినదానికంటె చాల తక్కువగా నుండెను. జ్వరపీడితుడు మాత్రలను లెక్కప్రకారము మ్రింగుచునే మరణించుచుండెను. ఇంటివారు మందు పనిచేయలేదని విధిని నిందించుకొనుచుండిరి.

పత్రికలలోను, శాసనసభలలోను అలజడి రేగెను. 1927 మార్చి 9వ తేదీన కేంద్ర శాసనసభలలో పైసభయైన కౌన్సిల్ ఆఫ్ స్టేటులో సర్ హారూన్ జాఫర్ అను సభ్యుడు, మందుల తయారీని అమ్మకమును అదుపులో నుంచవలెనని తీర్మానము ప్రవేశపెట్టెను. ప్రభుత్వము మూడేండ్లు ఆలోచించి, 1930 ఆగస్టులో ఒక విచారణ సంఘమును నియమించెను. దానికి అధ్యక్షుడు చోప్రా. అందుచేతనే దానిని చోప్రా సంఘమనియు పిలుతురు.

సంఘమువారు రాష్ట్రములు తిరిగిరి. వైద్యులను, మందులు తయారుచేయువారిని, దిగుమతి వర్తకులను, ఆసుపత్రుల అధికారులను విచారించిరి. 1931లో నివేదిక సమర్పించిరి. అందులో తేలినది విన్న నేటివారికి ఆశ్చర్యము కలుగును. ఇంత పెద్ద దేశమునకు మందుల నాణ్యతను గూర్చిన చట్టమే లేదు. నల్లమందునకు 1878 నాటి చట్టమున్నది, విషపదార్థములకు 1919 నాటి చట్టమున్నది, మత్తుమందులకు 1930లో చట్టము వచ్చినది. మందులో కల్తీ చేసినవానిని శిక్షించుటకు 1860 నాటి శిక్షాస్మృతిలో రెండుమూడు సెక్షనులు లేకపోలేదు. కాని కల్తీ జరిగినదని చెప్పుటకు పరీక్షించువారు గదా కావలెను! అట్టి ప్రభుత్వ ప్రయోగశాలయే లేనప్పుడు ఆ సెక్షనులు కాగితముమీది అక్షరములే. ఇతర దేశములలో చెల్లని నాసిరకపు సరకు గూడ మన రేవులలో నిరాటంకముగా దిగుచుండెను.

సంఘము గుర్తించిన రెండవ లోపము ఇంతకంటె ఇంటికి దగ్గరది. ఆసుపత్రి కిటికీ వెనుక నిలిచి మందు కలిపి యిచ్చువాడెవడు? అందుకు తగిన చదువు చదివిన ప్రత్యేకవృత్తి మన దేశమున లేదు. ఆ ఖాళీని కాంపౌండర్లు అనువారు పూరించుచుండిరి. మద్రాసు మెడికల్ కళాశాలవంటి ఒకటి రెండుచోట్ల పందొమ్మిదవ శతాబ్దినుండియు మందులు కలుపుటలో కొంత శిక్షణ యుండెను. మిగిలినచోట్ల వైద్యునియొద్ద సీసాలు కడుగుచు చేరినవాడు కొన్నేండ్లకు చూచి నేర్చుకొని కాంపౌండరగుచుండెను. వారిలో సమర్థులు, సజ్జనులు ఎందరో యుండిరి. కాని సమర్థుడెవడో కానివాడెవడో నిర్ణయించు కొలబద్ద లేదు. చీటీలో వైద్యుడు వ్రాసిన ఒక చుక్క గుర్తును తప్పుగా చదివినచో మోతాదు పదిరెట్లగును. వైద్యుని తప్పును పట్టుకొని వెనుకకు పంపగల చదువు కిటికీ లోపలివానికి ఉండవలెనని సంఘము భావించెను.

కాంపౌండర్ల కాలపు చివరి రోజులను నేనును చిన్నప్పుడు చూచితిని. అప్పటికి మాత్రలు, సూదిమందులు బాగుగనే వచ్చినవి. అయినను ఆసుపత్రులలో మిక్చరు ఇంకను కలిపి యిచ్చుచుండిరి. రోగులే సీసాలు తెచ్చుకొనవలెను. కాంపౌండరు పెద్ద జాడీనుండి ఎఱ్ఱని మిక్చరు పోసి, ఒక కాగితపు పట్టెను మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకు ప్రక్కగా అంటించును. ఒక పూటకు ఒక మెట్టు. చదువురాని ముసలమ్మకు గూడ తెలియునట్టి ఆ యేర్పాటు ఎంత తెలివియైనదో పెద్దవాడనైన తరువాతగాని నేను గుర్తింపలేదు. అయితే ఆ సీసా అంతకుముందు దేనికి వాడినదో అడిగినవారు లేరు. ఒకసారి నేను తీసికొనిపోయినది కిరసనాయిలు సీసా. మా అమ్మ దానిని బూడిదతో తోమి యిచ్చెను. మూడుదినములు ఆ మిక్చరు కిరసనాయిలు వాసనతోనే త్రాగితిని. సీసాపై పేరు లేదు, మందు పేరు లేదు, తేదీ లేదు. మా యింట ఇద్దరికి జ్వరము వచ్చినపుడు గూటిలో రెండు సీసాలు ప్రక్కప్రక్కన నుండెడివి. ఏది ఎవరిదో మెట్ల లెక్కను బట్టి పోల్చుకొనెడివారము.

చోప్రా సంఘము కోరినవి ముఖ్యముగా ఇవి: దేశమంతటికి వర్తించు చట్టమొకటి రావలెను, నిపుణులతో కూడిన కేంద్ర ప్రయోగశాలయు, రాష్ట్రములలో చిన్న ప్రయోగశాలలును కావలెను, మందులిచ్చువారికి నియమితమైన చదువును, పేర్ల పట్టికయు ఉండవలెను. మందును పరీక్షించుట, మనిషిని పరీక్షించుట, ఈ రెండును కలిసియే సాగవలెనని ఆయన గ్రహించుట నాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. ప్రయోగశాలలో నిగ్గు తేలిన మందు గూడ తప్పు చేతిలో పడిన విషమగును. ఎంత చదివిన చేయియైనను సుద్దమాత్రను క్వినైనుగా మార్చలేదు.

నివేదిక చేరినది 1931లో; చట్టము వచ్చినది 1940లో. నడుమ తొమ్మిదేండ్లు! ప్రపంచమంతట ఆర్థికమాంద్యము నెలకొనియుండుట నిజమే. కాని ఆ తొమ్మిదేండ్లును మలేరియా ఆగలేదు. 1937లో ప్రభుత్వమువారు తెచ్చిన బిల్లు దిగుమతి మందులను గూర్చి మాత్రమే మాట్లాడెను. దేశములో తయారగువానిని, అమ్మబడువానిని గూడ చేర్చవలెనని శాసనసభ్యులు పట్టుపట్టిరి. అప్పటి రాజ్యాంగము ప్రకారము ఈ విషయము రాష్ట్రములది గనుక, రాష్ట్రములు కేంద్రమునకు అధికారమిచ్చుచు తీర్మానములు చేయవలసివచ్చెను. చోప్రా మాత్రము చట్టము వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. 1937లో కలకత్తాలో మందుల ప్రమాణములను పరీక్షించు ప్రయోగశాల ఆయన ఆధ్వర్యమున వెలసెను. అదియే పిమ్మట కేంద్ర ఔషధ ప్రయోగశాలగా మారినది. అచ్చట ఆయనతో పనిచేసిన విష్ణుపద ముఖర్జీ తరువాతి కాలమున లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమునకు అధిపతియయ్యెను.

ఆ 1937లోనే అమెరికాలో జరిగిన ఘోరము ఈ విషయమున అన్ని దేశముల కన్నులు తెరిపించెను. సల్ఫనిలమైడ్ అను మంచి మందును పిల్లలకు తియ్యని ద్రవముగా ఇయ్యవలెనని ఒక కంపెనీ తలపెట్టెను. ఆ పొడి డైఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవములో చక్కగా కరగెను. రుచి చూచిరి, రంగు చూచిరి, వాసన చూచిరి. విషమో కాదో మాత్రము చూడలేదు. దానిని త్రాగి నూరుమందికి పైగా మరణించిరి; వారిలో పిల్లలు అనేకులు. అంత జరిగినను ఆ కంపెనీపై అప్పటి చట్టము మోపగలిగిన నేరము పేరు తప్పుగా పెట్టుట మాత్రమే; ఆల్కహాలు లేని మందును ఎలిక్సిర్ అని పిలిచినారట! మరుసటి సంవత్సరమే అమెరికావారు తమ చట్టమును మార్చుకొనిరి.

మన ఔషధముల చట్టము 1940 ఏప్రిలులో ఆమోదము పొందెను. దాని నియమావళి 1945లో వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధము నడుమ వచ్చుటచే అది పూర్తిగా అమలునకు వచ్చుటకు 1947 పట్టినది. ఈలోగా 1942లో జావాదీవి జపానువారి వశమై, ప్రపంచమునకు క్వినైనులో చాలభాగమును సమకూర్చుచున్న తోటలు మూతపడినట్లయ్యెను. కొరతయు దానివెంట దొంగసరకును మరల తలయెత్తెను. చట్టము ఇంకొక పదేండ్లు ముందు వచ్చియున్న ఎంత బాగుండెడిదో ఆ దినములే చెప్పుచున్నవి.

ఈ చట్టములోని ఒక ఏర్పాటును మీరు తెలిసికొనదగును. మందుల ఇన్‌స్పెక్టరు అంగడికి పోయి అనుమానము గలిగిన మందును నమూనాగా తీసికొనునపుడు దానిని ఊరక లాగుకొనిపోరాదు. తగిన ధర చెల్లింపవలెను. నమూనాను నాలుగు భాగములుచేసి సీలు వేయవలెను. అంగడివాడు కోరినచో తన సీలును గూడ వేయవచ్చును. ఒక భాగము అంగడివానికే యిచ్చివేయుదురు. ఒకటి ప్రభుత్వ పరీక్షకునికి పోవును. ఒకటి న్యాయస్థానమునకై భద్రపరుపబడును. ఒకటి అంగడివానికి ఆ మందును సరఫరా చేసినవానికి పంపబడును. నిందమోపబడినవాని చేతిలోను సాక్ష్యమును ఉంచుట ఇందలి న్యాయము. నేడు మాత్రల అట్టపై తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచి నెంబరు, తయారుచేసినవాని లైసెన్సు నెంబరు కనబడుచున్నవిగదా! అవియన్నియు ఆ చట్టపు నియమావళి ఫలములే. ఒక బ్యాచిలో దోషము తేలినచో ఆ నెంబరునుబట్టి ఏ ఆసుపత్రి బీరువాలోనున్న సరకునైనను వెనుకకు రప్పింపవచ్చును. హైదరాబాదులో గూడ నేడు కేంద్ర ఔషధ పరీక్షా ప్రయోగశాల యొకటి పనిచేయుచున్నది.

సంఘము కోరిన రెండవ భాగము ఇంకను మెల్లగా నడచెను. మందులిచ్చువారి చదువును, పేర్ల నమోదును గూర్చిన ఫార్మసీ చట్టము 1948లో వచ్చెను. అయితే నమోదైన ఫార్మసిస్టు తప్ప వేరెవరును వైద్యుని చీటీకి మందు ఇయ్యరాదను నిబంధన దేశమంతట పూర్తిగా వర్తించునప్పటికి 1984 అయ్యెను. కిటికీ లోపలి మనిషిని గూర్చి చోప్రా వ్రాసిన మాట ఆ విధముగా ఏబదేండ్లకుపైగా వేచియుండవలసివచ్చెను.

చట్టము ఉండుటయు, అది నడచుటయు వేర్వేరు. 1986లో బొంబాయిలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో రోగులకిచ్చిన గ్లిసరిన్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ కలిసి 14 మంది ప్రాణములు కోల్పోయిరి. అమెరికాలో 1937లో పిల్లలను పొట్టనబెట్టుకొన్న విషమదియే. పరీక్షించు ప్రయోగశాలలున్నవి, చట్టమున్నది, ఫార్మసిస్టులున్నారు. కాని ఆ డబ్బా కొన్నచోటునుండి మంచము వరకు పోయిన దారిలో అడ్డుపడి అడిగినవారు లేకపోయిరి. న్యాయమూర్తి లెంటిన్ ఆధ్వర్యమున విచారణ జరిగి, ఆసుపత్రుల కొనుగోళ్ళలోని, తనిఖీలలోని లోపములు బయటపడెను.

అప్పటికి చోప్రా లేడు. ఆయన 1941లో కలకత్తా కొలువునుండి విరమించెను. ఆ యేడే ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమిచ్చెను. విరమించినవారు విశ్రమింతురని లోకమనుకొనునుగాని, విరమించిన నాకును ఆ విశ్రాంతి యెక్కడనున్నదో ఇంకను తెలియలేదు. ఆయన జమ్మూకాశ్మీరమునకు పోయి అచ్చట ఔషధ పరిశోధన ప్రయోగశాలను నడిపెను. హిమాలయపు మూలికలు ఇంటిముంగిటనే దొరకు చోటది. 1946లో భారతదేశమున వాడదగిన మందుల పట్టిక ఆయన అధ్యక్షతన వెలువడెను. 1955లో వచ్చిన మొదటి భారత ఔషధకోశమునకు అది మొదటిమెట్టు. 1946నుండి 1948వరకు దేశీయ వైద్యపద్ధతులను గూర్చిన సంఘమునకును ఆయనయే అధ్యక్షుడు. భారతీయ ఔషధమొక్కల నిఘంటువును ఇతరులతో కలిసి 1956లో ప్రకటించునాటికి ఆయనకు డెబ్బదినాలుగేండ్లు.

1973 జూను 13వ తేదీన, తన తొంబదియేండ్ల వయస్సున, రామనాథ చోప్రా కన్నుమూసెను. పదేండ్ల తరువాత, 1983లో, భారత తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించిరి. ఒకనాడు పైసాకు క్వినైను పొట్లము అమ్మిన తపాలా కచేరీలలో ఆ బిళ్ళ అమ్మకమునకు వచ్చెను.